తలకాడ ఒడ్డు

శ్రీకాకుళం పాత బస్టాండు వెనక సందులో నీలవేణిని నీలవేణి అని పిలిచేవాళ్ళు తక్కువ. టీ కొట్టువాడి దగ్గర్నుంచి కొరియర్ తెచ్చేవాడి దాకా అందరికీ ఆమె 'జిరాక్స్'. "జిరాక్స్ షాపు తీసుందేటి?" "జిరాక్స్ ఇంకా రానేదా?" ఇదే వరస. పోనీ ఆమె జిరాక్సులు తీస్తుందా అంటే అదీ కాదు. ట్యాబులు తయారుచేస్తుంది. అవీ మామూలు ట్యాబులు కావు. వేటకెళ్ళే బోటులో ఉప్పునీళ్ళు కొట్టినా, చేప జిగురు పట్టినా, మనిషి తొక్కినా చావని మొండి ట్యాబులు. తెర మీద సముద్రం పటం ఉంటుంది, బోటు ఎక్కడుందో చుక్క కనబడుతుంది. ఇంత పని చేసే మనిషికి ఆ దిక్కుమాలిన పేరెందుకొచ్చిందంటే, ఎదురు షాపు వల్ల వచ్చింది.

ఎదురు షాపు జగన్నాధానిది. పొందూరు దగ్గర రైతుల ఇంట పుట్టి, రేడియోలూ టీవీలూ బాగుచేస్తూ పైకొచ్చిన మనిషి. ఆ చుట్టుపక్కల బోటు ట్యాబు అన్న మాట పుట్టిందే ఆయన బల్ల మీద. బోర్డులూ తెరలూ బయట నుంచి తెప్పించి, చుక్క నీరు లోపలికి పోకుండా చుట్టూ రబ్బరు పోసి, వేటకెళ్ళేవాళ్ళ చేతిలో పెట్టాడు. ఆ రోజుల్లో ఆయన దగ్గర టంకం పెట్టడం నేర్చుకున్న పిల్ల నీలవేణి. పాలిటెక్నిక్ చదువు అవగొట్టి, కళింగపట్నం పక్క పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చేది. తండ్రి లక్ష్ముడు వేటకెళ్ళే మనిషి, తల్లి తవిటమ్మ చేపల గంప నెత్తినెట్టుకుని ఊళ్ళు తిరిగే మనిషి. జగన్నాధానికి ముక్కు మీద కోపం ఉంటే ఉంది గానీ, పని దాచుకునే గుణం మాత్రం లేదు. తనకొచ్చిందంతా ఆ పిల్లకి నేర్పాడు.

చెడిందెక్కడంటే, ఒకరోజు నీలవేణి నోరు విప్పి అడిగింది. "గురువుగారూ, ట్యాబు ఎనకాల మీ పేరు పక్కన నా పేరు కూడా ఏయించండి. సగం పని నాదే కదా."

జగన్నాధం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడంటే ఇక ఎవరూ ఎదుట నిలబడలేరు. "నా ట్యాబు మీద నీ పేరేటే గుంటా? పేరు మీద అంత మోజుంటే ఎల్లి నువ్వే ఓటి సేసుకో!" అన్నాడు.

ఆయన కోపంలో అన్నాడు. కానీ అవతల ఉన్నది తవిటమ్మ కూతురాయె. "అలగే, సేసుకుంటాను" అని చేతిలో ఉన్నది కింద పెట్టేసి బయటికి నడిచింది. దసరా వెళ్ళకుండానే ఎదురు గదిలో షట్టరు లేపింది.

లేపిందే గానీ, చెయ్యి ఏది నేర్చుకుందో అదే చేసింది. మొదటి ట్యాబు బయటికొచ్చేసరికి అచ్చం గురువుగారి ట్యాబే. అదే నీలం రబ్బరు, అదే మూల మీద అదే బొత్తాం. జగన్నాధానికి ఒళ్ళు మండిపోయి షాపు ముందు బోర్డు కట్టించాడు: "అసలు జగన్నాధం ట్యాబు ఇదొక్కటే. ఎదరున్నది జిరాక్స్." అంతే, సందుకి సందు ఆ మాట పట్టేసుకుంది.

ఆ తర్వాత సంగతి చెబితే నవ్వొస్తుంది. నీళ్ళలో పడితే కనబడాలని ఆయన రబ్బరుని నారింజ రంగుకి మార్చాడు. కొద్ది రోజుల్లో ఈమెదీ నారింజే. ఆయన మెళ్ళో వేసుకునే తాడు పెట్టాడు, ఈమే పెట్టింది. ట్యాబు మునిగిపోకుండా ఆయన వల బెండు ఒకటి కట్టాడు, ఈమె రెండు కట్టింది. "రేపు నేను సిమ్మాచలమెల్లి గుండు గీయించుకుంటే అదీ గీయించుకుంటాది సూడండి" అని జగన్నాధం టీ కొట్టు దగ్గర చేతులు తిప్పుతూ చెబుతుంటే జనం విరగబడి నవ్వేవారు.

నీలవేణి పైకి తగ్గేది కాదు. "నేర్సుకున్నదే సేస్తాను. మీ నాన్న నేర్పిన వల నువ్వు అల్లట్లేదేటి?" అని ఎదురు తిరిగేది. లోపల మాత్రం ముల్లు దిగినట్టే ఉండేది. షట్టరు దించేటప్పుడు ఎదురు బోర్డు కళ్ళబడితే ఒకటే భయం. వీళ్ళంతా అన్నది నిజమేనా? నా చేతిలో నాదంటూ ఏమీ లేదా?

ఆ ఏడు వేసవిలో, చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట ఆపేసిన రోజుల్లో, చుట్టుపక్కల పల్లెల మత్స్యకారులంతా కలిసి బోట్లన్నిటికీ ఒకే రకం ట్యాబు పెట్టించాలని తీర్మానించుకున్నారు. సొసైటీ ప్రెసిడెంటు గంగులు రెండు షాపులకీ వచ్చి చెప్పాడు. నీలవేణి షాపులో స్టూలు మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, మెల్లగా అన్నాడు.

"ఏట మొదలెట్టే ముందు ఓ రోజు ఒడ్డు మీద అందరం కూకుంటాం. ఇద్దరూ మీ ట్యాబులు తెండి. రెండూ ఒకలాగే ఉంటే మాత్రం అసలోడి కాడే కొంటాం తల్లీ. అసలుండగా నకలెందుకు? ఏటనుకోకు."

ఏటనుకోకు అంటూనే గుండెలో గునపం దించి పోయాడు. బోట్లన్నిటి మీదికీ ఆయన ట్యాబు ఎక్కితే ఇక ఈ షట్టరు లేపడమెందుకు? అంతకంటే పెద్ద నొప్పి ఇంకోటుంది. ఇన్నాళ్ళూ సందులో వేళాకోళంగా తిరిగిన పేరు, రేపు పల్లెలన్నిటి ముందూ ఖాయమైపోతుంది. అమ్మ గంప దించిన ప్రతి గడపలోనూ 'మీ జిరాక్స్ ఎలాగున్నాది' అని అడుగుతారు. 

ఆదివారం ఇంటికెళ్ళేసరికి లక్ష్ముడు ఇసకలో బోటు నీడన కూర్చుని కూతురిచ్చిన ట్యాబుతో కుస్తీ పడుతున్నాడు. దాన్ని ఇటు తిప్పుతాడు, తెర అటు తిరుగుతుంది. మళ్ళీ తిప్పుతాడు, అది మళ్ళీ తిరుగుతుంది. పళ్ళు నూరుతున్నాడు.

"ఏటి నాన్నా, దాంతో యుద్దమా?"

"ఇది మాటినదే! ఒడ్డుని ఎప్పుడు సూసినా ఓ పక్కకి తోసేస్తాది. సముద్రంలో ఉన్నోడికి ఒడ్డు ఎదర కదే ఉంటాది? కొండలు సూసుకునే కదా ఎక్కడున్నామో తెలిసేది? సరే, ఒడ్డుని తలకాడికి తెచ్చుకుందారని పలకని తిప్పితే, నాతో పాటు అదీ తిరిగిపోతాది! నీలాగే మొండిది."

"పటంలో ఉత్తరం పైనుంటాది నాన్నా. ప్రపంచమంతా అంతే."

"ప్రపంచానికేటి, అది ఏటకొస్తాదా?"

నీలవేణి పకపకా నవ్వింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. నిజమే కదా! పల్లెలో ఎవరినడిగినా ఒడ్డు ఎదర, లోతు వెనక. లైట్‌హౌసు ఏ కొండకి సూటిగా వస్తే ఎక్కడ వల వెయ్యాలో పిల్లలు కూడా చెబుతారు. ఉత్తరం దక్షిణం గోల ఎవరికీ అక్కర్లేదు. జగన్నాధం పొలాల మధ్య పెరిగినవాడు, పటాన్ని పటంలా పెట్టాడు, ఆయన తప్పేమీ లేదు. మరి తనో? ఈ ఇసకలో పుట్టి, ఈ ఉప్పుగాలి పీల్చి, గురువుగారు పెట్టారు కదా అని తనూ ఉత్తరమే పెట్టింది. కన్నతండ్రిని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఆ సిగ్గు వెనకాలే ఎక్కడ లేని హుషారు పుట్టుకొచ్చింది.

మర్నాటి నుంచి షాపులో అదే పని. తెర పైభాగంలో ఒడ్డు, ఒడ్డు వెనక వరసగా కొండలు, లైట్‌హౌసు, కింద సముద్రం. ఎటు తిప్పినా తిరగదు. తండ్రి చెబుతుంటే కొండల రూపాలు గీసింది. ఇంకా సగంలో ఉండగానే, కొరియర్‌వాడు పొరపాటున ఇటు పడేసిన తన పార్శిలు కోసం జగన్నాధం లోపలికొచ్చాడు. తెర చూసి ఆగిపోయాడు.

"ఏటే ఇది? పటం పక్కకి పడిపోనాదేటి? ఉత్తరమేదే?"

"ఉత్తరం నేదు గురువుగారూ. ఒడ్డున్నాది."

"ఓరి నాయనో! కాపీ కొట్టడం కూడా మర్సిపోయావేటే గుంటా?" కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. పార్శిలు చంకనెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి ఇంకోసారి తెర వైపు చూశాడు. నవ్వు ఇంకా తీరలేదు కాబోలు అనుకుని నీలవేణి పళ్ళు బిగపట్టింది.

ఆయన నవ్వితే నవ్వాడు, నాన్న కూడా పెదవి విరిచాడు. "కొండలు బాగానే ఉన్నాయి గానీ, పేనం నేదే వాటికి. కదలవు."

"కొండలు కదలడమేటి నాన్నా?"

"ఎలగ సెప్పేది? సముద్రంలోకొచ్చి సూస్తే తెలుస్తాది."

"అయితే తీసుకెల్లు."

 ఆడమనిషి బోటెక్కితే గంగమ్మకి కోపమొస్తుందని ఆ ఊరి కట్టు. తరాలుగా ఎవరూ దాటలేదు. లక్ష్ముడు నసుగుతుంటే తవిటమ్మ చేపల గంప కిందకి దింపి, నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "గంగమ్మేటి, మగోడా? ఎక్కనీయి దాన్ని!" తవిటమ్మ అంత గొంతుతో ఒక మాటన్నాక ఆ ఇంట్లో ఇంకో మాట ఉండదు.

ఇంజను సరిచూసుకునే వంకతో, వల లేకుండా, బోటుని నీళ్ళలోకి తోశారు. నీలవేణి ట్యాబు మెళ్ళో వేసుకుని ఎక్కింది. మొదటి అల దాటేసరికే ఆమెకి పొద్దున్న తాగిన టీ బయటికొచ్చింది. రెండో అలకి చద్దన్నం వచ్చింది. తండ్రి ముసిముసిగా నవ్వుకున్నాడు. అలల వరస దాటి నీళ్ళు నెమ్మదించాక మూతి తుడుచుకుని తలెత్తింది.

పుట్టి బుద్ధెరిగాక ఒడ్డుని ఆ వైపు నుంచి చూడటం ఆమెకదే మొదలు. ఊరు చిన్నదైపోయింది. ఊరి వెనక నుంచి తాటితోపులు లేచాయి, తోపుల వెనక నుంచి ఒక కొండ లేచింది, దాని వెనక మరోటి. బోటు ఒడ్డు వెంబడి సాగుతుంటే, కొండ ముందు నిలబడ్డ లైట్‌హౌసు మెల్లగా దాని మీద నుంచి పక్కకి జారింది. దగ్గరున్నవి తొందరగా జరుగుతున్నాయి, దూరపువి బద్ధకంగా జరుగుతున్నాయి. కొండలు కదులుతున్నాయి! నాన్న, తాత, వాళ్ళ నాన్న, అందరూ చదివిన పుస్తకం ఇదన్నమాట అనుకుంది.  ఇంతమంది మా వాళ్ళు ఇంత చదువు చదువుకుంటే, మేమేదో చదువు రానివాళ్ళమని బతికాం కదా అని గర్వంతో కళ్ళు నిండాయి. "ఇంకో సుట్టు తిప్పు నాన్నా" అంది. ఇంకో చుట్టు తిరిగారు. ఇంకోటీ తిరిగారు.

ఆ తర్వాత ఆమె ఎప్పుడు తిన్నదో ఎప్పుడు పడుకున్నదో ఆమెకే తెలీదు. బోటు కదిలితే తెర మీద కొండలూ లైట్‌హౌసూ తమ తమ లెక్కన జరిగేలా చేసి గానీ వదల్లేదు.

అనుకున్న రోజు రానే వచ్చింది. ఒడ్డు మీద షామియానా వేశారు. పల్లెపల్లె నుంచీ జనం దిగారు. పెద్దవాడు కాబట్టి ముందు జగన్నాధాన్ని పిలిచారు. ఆయన ఇస్త్రీ చొక్కాలో ముందుకొచ్చి, సంచిలోంచి ట్యాబు తీసి, తెర వెలిగించి అందరికీ కనబడేలా పైకెత్తాడు.

నీలవేణి ముందుకి వంగి చూసింది. తెర పైన ఒడ్డు. ఒడ్డు వెనక కొండలు. కింద సముద్రం.

"ఉత్తరం, దచ్చిణం మనకెందుకు?" అంటున్నాడు జగన్నాధం. "సముద్రంలో ఉన్నోడి సూపు ఎలగుంటాదో అలగే ఉన్నాది సూడండి."

జనం ఈలలేశారు. ముసలివాళ్ళు లేచి వచ్చి తెర మీద వేలు పెట్టి, ఇదిగో మన ఊరు, అదిగో లైట్‌హౌసు అని మురిసిపోయారు. "ఎంత బుర్ర బాబూ నీది! ఎలగ తట్టినాది?" అన్నాడు గంగులు. "ఆలోసిస్తే తడతాది" అన్నాడు జగన్నాధం, నీలవేణి ఉన్న వైపు మాత్రం చూడకుండా.

దొంగ అన్న మాట నీలవేణి గొంతు దాకా వచ్చింది. ఈలోగా ఆమె వంతు పిలిచారు. సంచిలోంచి ట్యాబు తీసి వెలిగించిందో లేదో షామియానా అంతా గొల్లున నవ్వింది.

"వచ్చిందిరా జిరాక్స్!"

"ఇంత తొరగా దింపేసిందేటిరా బాబూ!"

లక్ష్ముడు లేచి నిలబడ్డాడు. "ఒరే, నా మాటినండి! ముందు సేసింది నా కూతురు. నా బోటులోనే..."

"కూతురికి తండ్రి సాచ్చికమా మావా?" అన్నారెవరో. మళ్ళీ నవ్వులు. తవిటమ్మ కొంగు నడుముకి బిగించి అన్నవాడెవడో వెతుకుతోంది.

  నీలవేణి ఏమని చెబుతుంది? నారింజ రబ్బరు ఎవరిది? ఆయనది. తాడు ఎవరిది? ఆయనది. బెండు? ఆయనదే. ఇన్నేళ్ళు అన్నీ ఆయనవే చేసి, ఈ ఒక్కటి నాది అంటే నమ్మేదెవరు? చేతులారా తన సాక్ష్యాన్ని తనే చెరుపుకుంది. ఏడుపొచ్చింది. ఇంతమంది ముందు ఏడిస్తే చచ్చినంత పని అని పెదవి కొరుక్కుంది.

"రెండూ ఒకటే కదా తల్లీ" అన్నాడు గంగులు జాలిగా. "మేం ముందే సెప్పినాం."

"ఒకటి కాదు" అంది నీలవేణి.  "మా నాన్న బోటు తిరిగిన దారంతా దీంట్లో ఉన్నాది. ఇక్కడ నొక్కి సూడండి."

గంగులు నొక్కాడు. తెర మీద బోటు చుక్క ఒడ్డు వదిలి కదిలింది. తాటితోపుల వెనక నుంచి కొండ లేచింది, దాని వెనక నుంచి రెండోది లేచింది. లైట్‌హౌసు మెల్లగా కొండ మీద నుంచి పక్కకి జారింది. గంగులు నోరు తెరిచి చూస్తున్నాడు. పక్కనున్న ముసలాయన "ఓలమ్మా" అన్నాడు, అంతే. నవ్వుతున్నవాళ్ళు ఒకరొకరే లేచి దగ్గరికొచ్చారు.

వాళ్ళందర్నీ తోసుకుంటూ వచ్చాడు జగన్నాధం. కళ్ళజోడు ముక్కు చివరికి జారిపోయింది, పట్టించుకోలేదు. తెరలో తల పెట్టేసినంత పని చేశాడు. చుట్టూ జనమున్నారని గానీ, ఇది పోటీ అని గానీ ఆయనకి గుర్తున్నట్టు లేదు.

"ఒసే! కొండలు కదుల్తన్నాయేటే?" అని అరిచాడు. "ఆవేల నీ షాపులో సూసినప్పుడు కదల్లేదు కదా!"

జనమంతా ఆయన వైపు తిరిగారు. 

"ఏ వేల బాబూ?" అని నిదానంగా అడిగాడు గంగులు.

జగన్నాధం గతుక్కుమన్నాడు. కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు. పాత కోపమే, కానీ ఈసారి ఆ కోపం ఎవరి మీదో నీలవేణికి అర్థం కాలేదు.

"ఏ వేలేటి! దీని షాపులో సూసిన వేల! సూసినాను, ముందు నవ్వినాను. ఇంటికెల్తే నిద్దర పట్టనేదు. ఇది నాకెందుకు తట్టనేదని నన్ను నేనే తిట్టుకున్నాను. కాపీ కొట్టినాను. ఏటి, కొట్టకూడదా? ఇన్నేల్లూ అది నాది కొట్టనేదా? మంచిదాన్నే ఎవుడైనా కాపీ కొడతాడు, సెత్తని కొడతాడేటి?"

ఎవరో కిసుక్కున నవ్వారు.

"నవ్వకండ్రా! ఏ కంపినీ ట్యాబులోనైనా ఇలగ ఒడ్డు పైనున్నాదా? కొండలు కదిలాయా? నేనైతే సూడనేదు. సేసింది నీలవేణి. దాని సేతికి టంకం నేర్పింది నేను. రెండు మాటలూ గురుతెట్టుకోండి!"

నీలవేణి ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది. ఈసారి ఎవరేమనుకున్నా ఆమెకి లెక్కలేదు. సేసింది నీలవేణి. అన్నది ఎవరో కాదు, ఆ పేరుని తన ట్యాబు మీద వేయనన్న మనిషి. ఆయన నోటి నుంచి ఆ మాట వినడానికే ఇన్నేళ్ళూ ఎదురు గదిలో కూర్చుని ఆయన చేసిందల్లా చేసిందేమో! తవిటమ్మ బిగించిన కొంగు వదిలేసి అదే కొంగుతో కళ్ళొత్తుకుంది. లక్ష్ముడైతే ఇందాక సాక్ష్యం వద్దన్నవాడి భుజం మీద చెయ్యేసి, "విన్నావేటిరా అల్లుడూ, విన్నావేటి" అని ఊపేస్తున్నాడు.

గంగులు లేచి గొంతు సవరించుకున్నాడు. "సొసైటీ మాట సొసైటీదే. అసలోల్ల కాడే కొంటాం. నీలవేణమ్మా, మా బోట్లన్నిటికీ నువ్వే సెయ్యాల."

చప్పట్లు మోగుతుంటే జగన్నాధం తన ట్యాబుని సంచిలో పెట్టుకుని ఇసకలో నడక సాగించాడు. నీలవేణి పరిగెత్తుకెళ్ళి ఎదర నిలబడింది.  "గురువుగారూ, రబ్బరు పొయ్యడం మీ అంత సాపుగా నాకిప్పటికీ రాదు. అది మీరే పొయ్యాల" అంది.

"పోస్తాన్లే" అన్నాడు ఆయన సముద్రం వైపు చూస్తూ. రెండడుగులు వేసి ఆగాడు. తల గోక్కున్నాడు. అడగలేక అడగలేక అడిగాడు.

"ఒసే నీలా, వచ్చే ఏడుకి దాంట్లో ఇంకేటెడతన్నావే?"

నీలవేణి కళ్ళు తుడుచుకుని నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"సెప్పను గురువుగారూ. సేసాక సూసి కాపీ కొట్టుకోండి!"